శ్రమ దినాల్లో నీసు మానేస్తే సరిపోతుందా?

వందనాలు సిస్టర్. మీ పుట్టిల్లు నరసాపురం బ్రదరెన్ సంఘం, అక్కడ శ్రమ దినాలు, అంటే ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ కాలం, పాటించరు. మీ అత్తింటివాళ్లు లూథరన్లు, బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా నీసు ముట్టరు. ‘నేనూ మానేశాను, లోపల మాత్రం ఏ మార్పూ లేదు, నీసు మానేస్తే సరిపోతుందా’ అని మీరు అడిగారు. మాదీ లూథరన్ కుటుంబమే, పాలకొల్లు దగ్గర పల్లె.

బైబిల్లో లెంట్ పాటించమని ఆజ్ఞ ఎక్కడా లేదు, కాబట్టి మీ పుట్టింటివాళ్లది తప్పేం కాదు. యేసు ప్రభువు అరణ్యంలో 40 రోజులు ఉపవాసం ఉన్నది తలచుకుంటూ సంఘం ఏర్పాటు చేసుకున్న కాలమిది. 2026లో ఫిబ్రవరి 18న బూడిద బుధవారం, ఏప్రిల్ 5న ఈస్టర్. మధ్యలో ఆదివారాలు లెక్కలోకి రావు, అవి తీసేస్తే 40 రోజులు.

ఇక నీసు. చేపా రొయ్యా మానేసి, ముద్దపప్పు, నెయ్యి, గుత్తొంకాయ అంటూ రోజుకో విందు చేసుకుంటే అదేం ఉపవాసం చెప్పండి? యెషయా 58వ అధ్యాయం చదవండి, ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడమే ఉపవాసమని ఉంటుంది. మా అత్తగారు ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి డబ్బాలో వేసేవారు. గుప్పెడు బియ్యం మన చర్చీల్లో ఆడవాళ్లకి అలవాటే. ఈ దినాల్లో మాత్రం ఆవిడ చేపలకి పెట్టాల్సిన డబ్బులు కూడా ఆ బియ్యంలోనే గుచ్చేవారు, తవుడంటిన నలిగిన నోట్లు. గుడ్ ఫ్రైడేకి ముందు డబ్బా అలాగే పట్టుకెళ్లి వీధి చివర ఒంటరి ముసలామెకి ఇచ్చేసేవారు. ఎంతుందో మమ్మల్ని లెక్కపెట్టనిచ్చేవారు కాదు.

అసలు పరీక్ష చేలో ఉంటుంది. దాళ్వా వరికి, అంటే రెండో పంటకి, నీళ్లు కావలసిన రోజుల్లోనే శ్రమ దినాలొస్తాయి. కాలవ శివారు భూములకి వంతులవారీ నీళ్లు. సాయంత్రం ఇంటింటి ప్రార్థనలో కళ్లు తుడుచుకుంటూ పాడినవాళ్లే, రాత్రి బోదె (పంట కాలవ) దగ్గర పక్కవాడి చేలోకి నీళ్లు పోకుండా గండికి మట్టి కొడతారు. మా పాస్టర్ గారు అందుకే ఏం తినడం మానేశారని అడగరు, ఎవరితో మాటలు మానేశారని అడుగుతారు. ఓ ఏడాది మా ఆయన, గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని మా బావగారికి తన వంతులో కొంత నీళ్లు వదిలేశారు. ఆయన థాంక్స్ కూడా చెప్పలేదు. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారానికి మా పెరట్లో కొబ్బరి మట్టలు కొట్టుకెళ్లడానికి మాత్రం మనిషిని పంపారు!

మీరు అన్నీ ఒక్కసారే నెత్తినేసుకోకండి. శుక్రవారం ఒక పూట భోజనం మాని ఆ టైమ్‌లో మార్కు సువార్త చదవండి, 16 అధ్యాయాలే. షుగర్ ఉన్నా, కడుపుతో ఉన్నా పూట మానొద్దు, సీరియల్ మానండి చాలు. సగం రోజులు గడిచిపోయాయని టెన్షన్ పడకండి, ఈ శుక్రవారం నుంచే మొదలుపెట్టొచ్చు.