పోలో జీటీకి రీమ్యాపా, ట్యూనింగ్ బాక్సా?

తమ్ముడూ, రోజూ కావలి-నెల్లూరు తిరిగే నీ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు పవర్ పెంచడానికి ట్యూనింగ్ బాక్స్ పెట్టాలా, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్, అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించాలా అన్నావు కదా. రీమ్యాపే మేలు. బాక్స్ చేసేదల్లా బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) సెన్సర్ సిగ్నల్‌ని తగ్గించి చూపి ఈసీయూని నమ్మించడమే. రీమ్యాప్‌లో బూస్ట్, పెట్రోలు, స్పార్క్ టైమింగ్ మూడూ కలిపి సరిచేస్తారు.

అసలు భయం గేర్‌బాక్స్‌తోనే. నీది డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 250 ఎన్ఎమ్ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) దాకానే తట్టుకుంటుంది. కంపెనీ ఇచ్చిన టార్క్ 175. స్టేజ్ 1 (పార్టులేవీ మార్చకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చే రీమ్యాప్) దాటొద్దు. మన రోహిణీకార్తె ఎండల్లో 91 ఆక్టేన్ పెట్రోలుతో నాకింగ్ (ఇంజిన్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలి టకటకమనడం) రావచ్చు, 95 పోయించు.

ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడు. నేను గ్యాప్ పెరిగిన పాత ప్లగ్గులతోనే నా బండికి రీమ్యాప్ చేయించా. సింగరాయకొండ దాటాక మూడో గేర్లో గట్టిగా తొక్కగానే బండి కుదుపులు, ఇంజిన్ లైటు టపటపా కొట్టుకోవడం. ప్లగ్గులు మారిస్తే పోయింది. రీమ్యాప్‌కి ముందున్న ఈసీయూ ఒరిజినల్ ఫైల్ కాపీ అడిగి దాచుకో.