పొద్దున ముప్పావు గంట మీకు కావాలి

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. మాది హనుమకొండ. మోకాళ్ల నొప్పులున్నాయి. ఈమధ్య షుగర్ బార్డర్‌లో ఉందని, రోజూ నడవాలని డాక్టర్ చెప్పారు. మా ఆయన రిటైరయ్యాక పొద్దున్నే స్నేహితులతో గ్రౌండుకు వెళ్లి ఎనిమిదింటికి వస్తారు. ఆలోపు నేను టిఫిన్ చేయాలి, కొడుకూ కోడలికి బాక్సులు కట్టాలి, మనవడిని బడికి తయారుచేయాలి. నేనూ నడుస్తానంటే మా అత్తమ్మ ‘పొద్దంతా పని జేస్తనే ఉన్నవ్, ఇంక నడుసుడేంది’ అంటుంది. రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, గబగబా నడిచినా తుమ్మినా యూరిన్ చుక్కలు పడుతుంది. బతుకమ్మ రోజుల్లో మాత్రం చాలాసేపు ఆడాను, మోకాళ్లు గుర్తే రాలేదు. అందుకే ఇంట్లోవాళ్లు నాది బద్ధకం అంటున్నారు. నిజంగా నాది బద్ధకమేనా?

జవాబు: కాదమ్మా. బద్ధకం ఉన్న మనిషి తెల్లారేసరికి లేచి ఆరుగురికి వండిపెట్టదు.

బతుకమ్మ ఆడినప్పుడూ మీ వయసు ఇదే, మోకాళ్లూ ఇవే. ఆ సాయంత్రాలు మీరు వంట ముందే ముగించుకుని వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. తోడు పదిమంది ఆడవాళ్లుంటారు. ఎవరు చూస్తారో అన్న బెరుకు ఉండదు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి ఆడగలిగారు. మామూలు రోజుల్లో వీటిలో ఒక్కటీ మీకు దొరకడం లేదు. మీ వయసు ఆడవాళ్లు చాలామంది నడక మొదలుపెట్టి మానేసేది ఇందుకే. దాన్ని పట్టుదల లేకపోవడం అంటే నాకు బాధగా ఉంటుంది.

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి పెడుతున్నారు. మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. మీవారు నడక మానాలని నేననను, నడవాల్సిందే. కానీ ఆ వేళకు మీరు పొయ్యి దగ్గర ఉంటున్నారు కాబట్టే ఆయన నిశ్చింతగా గ్రౌండుకు వెళ్లగలుగుతున్నారు. ఈ సంగతి ఆయనకు తట్టి ఉండకపోవచ్చు. కోపంగా కాకుండా, సూటిగా చెప్పండి. ‘నాకూ నడవాలని ఉంది’ అంటే ఆయన సరేనంటారు, మర్నాడు మళ్లీ మామూలే. ‘సోమ, బుధ, శుక్రవారాలు ఆరు నుంచి ముప్పావు గంట నేను బయటికి వెళ్తాను. ఆ రోజుల్లో బాబుని మీరు తయారుచేయండి, బాక్సులు పిల్లలు కట్టుకుంటారు’ అని రోజులతో, పనులతో సహా చెప్పండి. కొడుకూ కోడలు కూడా ఉన్నప్పుడు చెబితే ఇంకా మంచిది. మొదటి వారం ఉప్మా మాడినా, బాక్సు ఆలస్యమైనా మీరు మధ్యలో దూరి సర్దకండి. మిగతా రోజుల్లో భోజనం కాగానే పది, పదిహేను నిమిషాలు నడిచినా తిన్న తర్వాత షుగర్ పెరగడం తగ్గుతుంది. కనీసం పది నిమిషాలు ఆపకుండా నడిస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. వారం మొత్తానికి 150 నిమిషాలు అయితే చాలు.

అత్తమ్మగారి మాట పూర్తిగా తప్పు కాదు. ఇంటి పని కూడా కదలికే. కాకపోతే మన వంటింట్లో ఎక్కువసేపు ఒకేచోట నిలబడే ఉంటాం. కాళ్లు లాగుతాయి కానీ ఊపిరి వేగం పెరగదు, కండరాలకు బలం రాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాలి. షుగర్ బార్డర్‌లో ఉన్న 531 మందితో చెన్నైలో చేసి, 2006లో వెల్లడించిన పరిశోధన ఒకటుంది. మామూలుగా ఉండిపోయినవాళ్లలో మూడేళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి మార్చుకుని, రోజుకు అరగంట చురుగ్గా నడిచినవాళ్లలో 39 మందికే వచ్చింది. మన తిండి తినే, మనలాంటి శరీరాలున్న మనుషుల లెక్కే ఇది. ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

ఇక మీరు సిగ్గుపడుతూ రాసిన విషయం. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపించింది, ఎందుకంటే మీరు రెండుసార్లు మానేయడానికి ఇదే అసలు కారణం అయ్యుండొచ్చు. కాన్పులయ్యాక, నెలసరి ఆగాక, పొత్తికడుపు కింద మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలు వదులవుతాయి. ఎంతోమందికి ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు, నడక మాత్రం మానేస్తారు. దీనికి చికిత్స ఉంది. లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఒకసారి యూరిన్ పరీక్ష కూడా చేయించుకోండి. వచ్చే మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు ఆ కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలడం, అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయమని సాధారణంగా చెబుతారు. మంచం మీద కూర్చునీ చేయొచ్చు. తేడా తెలియడానికి మూడు నెలల వరకూ పట్టొచ్చు. అందాకా ప్యాడ్ పెట్టుకుని నడవండి, ఇంటి నుంచి బయల్దేరే ముందు బాత్రూమ్‌కు వెళ్లండి. నీళ్లు తాగడం మాత్రం తగ్గించకండి.

మోకాళ్లు అరిగాయి కాబట్టి నడవకూడదన్నది అపోహ. తొడ కండరాలకు బలం వస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం, మొదట ఐదుసార్లు, తర్వాత పది. మోకాలు వాచినా, నడుస్తుంటే పట్టేసినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగి డాక్టర్‌కు చూపించుకోండి. చెప్పులతో కాకుండా బూట్లతో నడవండి. చీరా బూట్లా అని మొహమాటపడొద్దు. మెడలో బంగారం ఇంట్లో పెట్టి వెళ్లండి. మీతో బతుకమ్మ ఆడినవాళ్లలో ఒకరిద్దరిని అడిగి చూడండి, వాళ్లూ ఎవరైనా పిలిస్తే బాగుండునని ఉండొచ్చు. కుక్కల భయం కూడా తోడుంటే సగం పోతుంది.

అత్తమ్మగారినీ వదిలేయకండి. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా తూలకుండా నిలబడే సాధన చేయాలని చెబుతారు. ఆ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి తిరగడం కష్టం. మీరు తిరిగొచ్చాక ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా నాలుగుసార్లు నడిపించండి. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవమనండి. మొదట్లో వద్దంటుంది, మర్నాడు మళ్లీ పిలవండి.