ఆల్‌మన్ బ్రదర్సా, లెనర్డ్ స్కినర్డా? నా ఓటు ఒకరికి, మొదలుపెట్టడం ఇంకొకరితో

సదరన్ రాక్, అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల రాక్ సంగీతం, కొత్తగా వినేవాళ్లు ఎవరితో మొదలుపెట్టాలి, ఆల్‌మన్ బ్రదర్స్, లెనర్డ్ స్కినర్డ్ ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగారు. నా ఓటు ఆల్‌మన్ బ్రదర్స్‌కే. వినడం మాత్రం స్కినర్డ్‌తో మొదలుపెట్టండి.

రెండు బ్యాండ్లూ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లోనే పుట్టాయి. ఆల్‌మన్ వాళ్లు 1969లో అక్కడ జట్టుకట్టి, కొన్నాళ్లకే జార్జియాలోని మేకన్‌కి మకాం మార్చారు. బ్లూస్, కంట్రీ కలిపి గిటార్లతో హోరెత్తిస్తారని ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ, పనిచేసే పద్ధతిలో వీళ్లకీ వాళ్లకీ పొంతనే లేదు.

స్కినర్డ్‌లో పాడేది రానీ వాన్ జాంట్, బ్యాండ్‌ని నడిపేదీ ఆయనే. ఊరవతల రేకుల షెడ్డులో, ఫ్లోరిడా ఎండలో, గంటల తరబడి రిహార్సల్స్ చేయించేవాడు. ఆ ఉక్కపోత భరించలేకే దానికి ‘హెల్ హౌస్’ అని పేరు పెట్టుకున్నారు. 1973 నాటి మొదటి ఆల్బమ్‌లో ‘ఫ్రీ బర్డ్’ చివర నాలుగు నిమిషాలకు పైగా గిటార్లే సాగుతాయి. మొదటిసారి వింటే అదంతా అప్పటికప్పుడు పుట్టుకొచ్చినట్టే అనిపిస్తుంది. కానీ అది చాలావరకు ముందే అల్లుకుని, చేతికి పట్టేదాకా సాధన చేసిన వరుస. అందుకే వీళ్ల పాటలు ఒకట్రెండుసార్లు వినగానే పట్టుబడతాయి. అదే ఆల్బమ్‌లో ‘సింపుల్ మ్యాన్’ తప్పకుండా వినండి. గిటారిస్ట్ గ్యారీ రాసింగ్టన్ తల్లి, రానీ నాయనమ్మో అమ్మమ్మో పోయిన రోజుల్లో, ఆ పెద్దావిడలు చెప్పిన మాటలు తలుచుకుని ఇద్దరూ కూర్చుని కట్టిన పాట అది. అమ్మ కొడుక్కి చెప్పే మాటల్లో ఒక్క బరువైన పదం ఉండదు.

1977 అక్టోబర్ 20న ఇంధనం అయిపోయి వీళ్ల విమానం మిసిసిపీ అడవిలో కూలింది. అందులో పోయిన రానీకి అప్పటికి 29 ఏళ్లే. ఆ తర్వాత అదే పేరుతో తిరిగిన బ్యాండ్ నా మనసుకు ఎక్కలేదు. 1977 దాకా వినండి, చాలు.

ఇక ఆల్‌మన్ బ్రదర్స్. వీళ్లను స్టూడియో ఆల్బమ్‌లతో అంచనా వేయకండి. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో వాయించింది అదే ఏడాది జులైలో డబుల్ ఆల్బమ్‌గా వచ్చింది. నేను మా అట్లాంటా నుంచి ఎక్కడికి బయల్దేరినా కారులో మోగేది అదే. స్టూడియోలో అయిదు నిమిషాల చిల్లర ఉన్న ‘విప్పింగ్ పోస్ట్’ ఇక్కడ 23 నిమిషాలు, రికార్డులో ఒక వైపంతా అదొక్కటే. మొదట బెర్రీ ఓక్లీ బేస్ గిటార్ ఒంటరిగా మొదలవుతుంది. దాని తాళం వేళ్లతో లెక్కపెడితే 11 వస్తుంది: తకిట తకిట తకిట తక. చిన్నప్పుడు మృదంగం క్లాసులో కూర్చున్నవాణ్ణి కాబట్టి అది ఠక్కున చెవికి తగిలింది. పాట రాసిన గ్రెగ్ ఆల్‌మన్‌కి మాత్రం అది 11 అని అన్న డ్వేన్ చెప్పేదాకా తెలియదట! మూడు, మూడు, మూడు, తర్వాత రెండు అని అలవోకగా వచ్చేసిందంతే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. డ్వేన్, డికీ బెట్స్ గిటార్లు చెరో చెవిలో పడతాయి. ఒకరు విడిచిన చోట ఇంకొకరు అందుకుంటారు, అంతలోనే ఇద్దరూ ఒకే పలుకును జంటగా పలికిస్తారు. డ్వేన్ జలుబు మాత్రల ఖాళీ గాజు సీసాను ఉంగరపు వేలికి తొడుక్కుని తీగల మీద జార్చేవాడు. ‘స్టేట్స్‌బరో బ్లూస్’ మొదటి పది సెకన్లలోనే ఆ సీసా ఏం చేయగలదో తెలిసిపోతుంది. వెనకాల డ్రమ్మర్లు ఇద్దరు, బుచ్ ట్రక్స్, జేమో. జేమో నల్లజాతివాడు, ఓటిస్ రెడింగ్ దగ్గర వాయించి వచ్చినవాడు. 1969లో జార్జియాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఇలా కలిసి ఒకే ఇంట్లో బతకడం, ఒకే వేదికెక్కడం మామూలు విషయం కాదు. స్కినర్డ్ వేదికల మీద మాత్రం ఏళ్ల తరబడి కాన్ఫెడరేట్ జెండా వేలాడింది. బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసినవాళ్ల జెండా అది. ఆ పాటలంటే ఎంత ఇష్టమున్నా నేను దాన్ని సమర్థించలేను.

వీలైతే మేకన్ వెళ్లండి. అట్లాంటా నుంచి గంటన్నర దారి. వాళ్లుండిన ‘బిగ్ హౌస్’ ఇప్పుడు మ్యూజియం. రోజ్ హిల్ శ్మశానంలో ఎలిజబెత్ రీడ్ అనే పాతకాలపు ఆవిడ సమాధిరాయి ఉంది. బెట్స్ తన పాటకు ఆ పేరే పెట్టాడు. అదే శ్మశానంలో డ్వేన్, ఓక్లీ పక్కపక్కనే ఉన్నారు. 1971 అక్టోబర్‌లో ఒకరు, 1972 నవంబర్‌లో ఒకరు, ఇద్దరూ మేకన్ వీధుల్లోనే మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో పోయారు. ఇద్దరికీ 24 ఏళ్లే. అక్కడ నిలబడ్డప్పుడు నాకు నోట మాట రాలేదు.

కొందరు ఈ లిస్టులో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్‌ను కూడా చేరుస్తారు. మంచి బ్యాండే, కానీ వాళ్లది కాలిఫోర్నియా, దక్షిణాది కాదు. ఈ రెండూ అయ్యాక మూడోది కావాలంటే సౌత్ కరొలైనాకు చెందిన మార్షల్ టక్కర్ బ్యాండ్ వినండి. 1973 నాటి ‘కాంట్ యూ సీ’లో ఫ్లూట్ మొదలవగానే అది ఈ రెండింటిలో ఏదీ కాదని మీకే తెలుస్తుంది.