ముత్తాతకు రెండు ఇంటిపేర్లు: కన్నతండ్రి ఎవరో తేల్చడం ఎలా?

మీ ముత్తాతగారికి బడి రిజిస్టరులో ఒక ఇంటిపేరు, ఒక తండ్రి పేరు. పొలం దస్తావేజులో మరో ఇంటిపేరు, మరో తండ్రి పేరు ఉన్నాయని రాశారు. ఇంట్లో సగం మంది దత్తత అంటారు, సగం మంది ఇల్లరికం అంటారు. గోదావరి జిల్లాల్లోని మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి ఇదే వాదన. మా ముత్తాత సంగతి తేల్చినప్పుడు నాకు పనికొచ్చినవి చెబుతాను.

దస్తావేజులో 'ఫలానా వారి కుమారుడు' అని ఉంటే ఆయనే కన్నతండ్రి అనుకోకండి. దత్తు వెళ్లినవాడికి చట్టం లెక్కలో దత్తు తీసుకున్నవాడే తండ్రి, లేఖరి ఆ పేరే రాస్తాడు. ఇల్లటపుటల్లుడి, అంటే ఇల్లరికం వచ్చిన అల్లుడి సంగతి వేరు. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఆచారంగా సాగిన ఇల్లటంలో మామగారి ఆస్తి వచ్చినా అల్లుడి ఇంటిపేరు మారదు, పుట్టింటి ఆస్తిలో హక్కూ పోదు. దత్తు వెళ్లినవాడికి సాధారణంగా పుట్టింటి వాటా ఉండదు. కాబట్టి ముత్తాత పేరున్న కాగితాలకంటే ముందు, ఆయన పుట్టారనుకుంటున్న ఇంట్లోని అన్నదమ్ముల పంపకాల దస్తావేజు వెతకండి. మా ముత్తాతవాళ్లు నలుగురు అన్నదమ్ములని మా నాయనమ్మ చెప్పేది. పంపకంలో ముగ్గురే ఉన్నారు. అదొక్కటే చాలదు, నాలుగోవాడు చిన్నతనంలోనే పోయి ఉండవచ్చు కదా! చివరికి తేల్చింది మా ముత్తాత మైనరుగా ఉన్నప్పటి అమ్మకం కాగితం. దత్తత తల్లి గార్డియనుగా వేలిముద్ర వేసింది, కింద సాక్షిగా కన్నతండ్రి సంతకం ఉంది. ఆ తల్లి ఆయనకు స్వయానా మేనత్త. సాక్షుల వరసను ఎవరూ చదవరు గానీ, చుట్టరికాలన్నీ బయటపడేది అక్కడే.

ఇలాంటి కాగితాలకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పేర్లవారీ సూచిక, అంటే ఒకటో ఇండెక్సు చూడమని అడగండి. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు అదే కార్యాలయంలో మూడో పుస్తకం అనే రిజిస్టరులో ఉంటాయి. తన తరఫున భార్య ఒక అబ్బాయిని దత్తు తీసుకోవచ్చని భర్త రాసిచ్చే ఈ అధికార పత్రం వీలునామాలో భాగం కాకపోతే, 1872 జనవరి 1 తరువాత దాన్ని రిజిస్టరు చేయించడం తప్పనిసరి అయింది. రాసినవారు చనిపోయాక ఆ పుస్తకంలోని నకలును ఎవరైనా అడగవచ్చు. పాత జనన రిజిస్టర్ల మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. నామకరణానికి ముందే నమోదు చేయడంతో చాలాచోట్ల బిడ్డ పేరు ఉండదు, 'మగ' అని మాత్రమే ఉంటుంది.

తాత పేరే మనవడికి పెట్టడం మనకు అలవాటు కాబట్టి, ఒకే పేరు కనిపిస్తే ఏ తరం మనిషో చూసుకోండి. జాతకంలో 'విజయ నామ సంవత్సరం' అని ఉంటే అది 1893 కావచ్చు, 1953 కావచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లను "ఆయన దత్తతేనా?" అని అడిగితే గొడవే మిగులుతుంది. ఏ ఇంటిపేరు వాళ్లతో మనం వియ్యమందకూడదో అడగండి. దత్తు వెళ్లినా పుట్టింటి గోత్రంలో పెళ్లి కుదరదు; కారణం మరిచిపోయిన ఇళ్లలోనూ ఆ నిషేధం నిలిచి ఉంటుంది.

మీ దగ్గరున్న రెండింటిలో బడి రిజిస్టరు ముందుదైతే, దత్తత ఆ తేదీకీ దస్తావేజు తేదీకీ మధ్య జరిగి ఉండవచ్చు. మూడో పుస్తకంలో ముందుగా ఆ ఏళ్లకే వెతకమని సబ్‌రిజిస్ట్రారును అడగండి.