బోరు నీళ్లలో విరిగే కూలెంట్, ఎస్‌ఎస్‌లో విరిగే ట్యాప్

ప్రశ్న: మాది భీమవరం దగ్గర లేత్ షాపు. చెరువుల ఏరేటర్లకు ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) షాఫ్టులు, ఈఎన్8 (కార్బన్ స్టీల్) పిన్నులు, ఇత్తడి బుష్‌లు చేస్తాం. అన్నిటికీ కూలెంట్‌గా ఒకటే సాల్యుబుల్ ఆయిల్ (నీళ్లలో కలిసే ఆయిల్), బోరు నీళ్లలో కలిపి వాడుతున్నాం. రెండు వారాలకే కంపు కొడుతోంది. పిన్నులు తెల్లారేసరికి తుప్పు పడుతున్నాయి. ఎస్‌ఎస్‌లో ఎం10 ట్యాపులు (10 మి.మీ. మర కోసే పనిముట్లు) విరుగుతున్నాయి. సాయంత్రం సరిపోయిన బేరింగ్ సీటు (షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటు) పొద్దున్నకు లూజవుతోంది. ఏ ఆయిల్ కొనాలి?

జవాబు: ఆయిల్ కన్నా ముందు నీళ్లు మార్చండి. తీరం వైపు బోర్లలో ఉప్పు ఎక్కువ. సంపులోంచి (మెషీన్ కూలెంట్ తొట్టిలోంచి) నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గినప్పుడల్లా అదే బోరు నీళ్లు పోస్తుంటే ఉప్పు పేరుకుని ఆయిల్ విరుగుతుంది, పిన్నులు తుప్పు పడతాయి. మొదటి వారం బాగానే ఉన్నట్టు కనిపించేది అందుకే. హార్డ్‌నెస్ 200 పీపీఎం, క్లోరైడ్ 100 పీపీఎం లోపు ఉంటే మేలు. చెరువు నీళ్లు చూసే ఆక్వా ల్యాబులో అడిగి చూపించుకోండి. ఎక్కువుంటే ఆర్వో నీళ్లు వాడాలి. కాలువ నీళ్లలో ఉప్పు లేకపోయినా బురద, బ్యాక్టీరియా ఉంటాయి, వద్దు.

కలిపేటప్పుడు నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. ఈఎన్8, ఇత్తడికి 19 లీటర్ల నీళ్లకు ఒక లీటరు ఆయిల్ చాలు. ఎస్‌ఎస్‌కు 8 శాతం పెట్టండి. ఆయిల్ శాతం చూసే రిఫ్రాక్టోమీటర్ రీడింగ్‌ను ఆ ఆయిల్ ఫ్యాక్టరుతో గుణించాలి: రీడింగ్ 5, ఫ్యాక్టర్ 1.5 అయితే 7.5 శాతం. తగ్గినప్పుడు ఉత్త నీళ్లు పోయకుండా 1-2 శాతం మిశ్రమం పోయండి.

కంపుకు కారణం పైన తేలే స్లైడ్‌వే ఆయిల్ (మెషీన్ జారే పట్టాలకు వేసే ఆయిల్). అది గాలి ఆడనివ్వదు, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. రోజూ పని ముగిశాక తీసేయండి. పీహెచ్ 8.5 కన్నా దిగితే సంపు ఖాళీ చేసి, అడుగున మడ్డి గోకి, క్లీనర్‌తో కడిగాకే కొత్తది పోయాలి. పాతదాని మీద కొత్తది పోస్తే వారంలో మళ్లీ అదే కంపు. పారబోసేది మురుగు కాలువలోకి వదలొద్దు, చెరువుల్లోకే చేరుతుంది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి.

ట్యాపుల మాట వేరు. ఎస్‌ఎస్ రుద్దుకుంటే గట్టిపడే లోహం, అక్కడ కూలెంట్ పొర నిలవదు. ట్యాపింగ్‌కు మాత్రం నీళ్లు కలపని, సల్ఫర్ ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే మందు) ఉన్న నీట్ కటింగ్ ఆయిల్‌ను బ్రష్‌తో పూయండి. ఎం10కు 8.5 బదులు 8.6 మి.మీ. డ్రిల్ వేస్తే ట్యాపు మీద భారం తగ్గుతుంది. ఈ ఆయిల్ ఇత్తడికి తగలనివ్వొద్దు, యాక్టివ్ సల్ఫర్ దాన్ని నల్లబరుస్తుంది. ఒకే డబ్బా కొనాలంటే కాపర్ స్ట్రిప్ పరీక్షలో (రాగి రేకు ఎంత నల్లబడుతుందో చూసేది) 1 రేటింగ్ వచ్చిన రకం అడగండి.

బేరింగ్ సీటుకు ఆయిల్‌తో పని లేదు, వేడి మీద కొలుస్తున్నారు. 40 మి.మీ. ఎస్‌ఎస్ సీటు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 14 మైక్రాన్లు ఉబ్బుతుంది. బేరింగ్ బిగుతుకు పెట్టే కే6 ఫిట్‌కు ఉన్న మొత్తం వెసులుబాటే 16 మైక్రాన్లు. చివరి కోతకు 0.2 మి.మీ. మిగిల్చి, షాఫ్టు చేతికి చల్లగా తగిలాక ధారగా కూలెంట్ పెట్టి తీయండి, కొలిచేటప్పుడు మైక్రోమీటర్, షాఫ్టు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి.