రీమాస్టర్ గట్టిగా ఉందా, బాగుందా?

ప్రశ్న: ఎనభైల నాటి రాక్ సీడీలు కొన్ని నా దగ్గరున్నాయి. ఇప్పుడు అవే ఆల్బమ్‌ల రీమాస్టర్లు (పాత టేపు శబ్దాన్ని మళ్లీ సరిచేసి వేసిన సీడీలు) కొన్నాను. మొదటి పాటకు కొత్తదే బాగుందనిపిస్తుంది, నాలుగో పాటకొచ్చేసరికి తలనొప్పి. ఏది మేలో తేల్చుకునేదెట్లా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు రెండింటి వాల్యూమ్ సమం చేయండి. అది చేయనంతవరకు ఎన్నిసార్లు విన్నా ఒరిగేదేమీ లేదు. ఒకే రికార్డింగ్‌ను ఒక్క డెసిబెల్ పెంచి వినిపిస్తే, గట్టిగా ఉందని ఎవరూ అనరు. స్పష్టంగా ఉంది, బేస్ బాగుంది అంటారు. తొంభైల మధ్య నుంచి వచ్చిన రీమాస్టర్లలో చాలావాటిని, శబ్దపు మొనలను హద్దు దాటనివ్వని లిమిటర్‌తో అణిచి, మొత్తం శబ్దాన్ని పైకి లేపారు. పాత సీడీ కంటే ఆరేడు డెసిబెల్స్ గట్టిగా ఉండేవీ ఉన్నాయి. అణిచినప్పుడు ముందు పోయేది డ్రమ్ దెబ్బ మొన. స్నేర్ డ్రమ్, గిటార్, గొంతు అన్నీ ఒకే ఎత్తులో నిలబడి చెవికి విరామం లేకుండా చేస్తాయి. మీ తలనొప్పికి కారణం చాలావరకు అదే.

రెండు సీడీలనూ కంప్యూటర్‌లోకి, శబ్దం ఏమీ పోని వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఫైళ్లుగా తీసుకోండి, ఎంపీ3 వద్దు. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో తెరిచి, ఇంకా ఏమీ మార్చకముందే గట్టిగా ఉన్నచోట తరంగాన్ని పెద్దది చేసి చూడండి. మొనలన్నీ కొడవలితో కోసినట్టు ఒకే ఎత్తులో చదునుగా ఉంటే అణిచిన మాస్టరే (సీడీ తయారీకి వాడిన తుది రికార్డింగే). తర్వాత రెండింటిలోంచీ ఒకే 30 సెకన్ల ముక్క తీసుకుని, ఎఫెక్ట్ మెనూలోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెండింటినీ వినికిడి గట్టిదనపు కొలతలో మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్‌కు దించండి. దించడమే, లేపొద్దు. పాతదాన్ని కొత్తదాని ఎత్తుకు లేపితే మొనలు తెగి అది క్లిప్ అవుతుంది, నింద పాత సీడీ మీద పడుతుంది. తగ్గిన శబ్దాన్ని ఆంప్ దగ్గర పెంచుకోండి.

ఇక ఏది మోగుతుందో తెలియకుండా వినాలి. ఇంట్లో ఎవరైనా బొమ్మా బొరుసూ వేసి మీకు చెప్పకుండా పెడితే చాలు. కంప్యూటర్‌లో అయితే ఫూబార్2000 అనే ప్లేయర్‌కి, ఏది మోగుతుందో దాచి పరీక్షించే ఏబీఎక్స్ అనే తోడు ప్రోగ్రామ్ ఉంది. 16కి 12 సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజంగా వినిపిస్తున్నట్టే. ఊరికే ఊహించి అన్ని కొట్టే అవకాశం నూటికి నాలుగు లోపే.

వినేటప్పుడు ఫ్యాను ఆపాలి. రోహిణి కార్తెలో నెల్లూరు వాళ్లను ఈ మాట అడగడం అన్యాయమే. కానీ ఫ్యాను హోరులో పాటలోని మెత్తని భాగాలు మునిగిపోతాయి, అణిచిన మాస్టర్ మాత్రం పైకి తేలుతుంది. ఫ్యాను కింద రీమాస్టర్, ఫ్యాను ఆపితే పాతది గెలవడం మామూలే. తెల్లవారుజామున పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ప్రశ్న: జపాన్‌లో అచ్చయిన తొలినాళ్ల సీడీ ఒకటి దొరికింది. సీడీ ప్లేయర్‌లో హాయిగా ఉంది, కంప్యూటర్‌లోకి తీస్తే చెవులు గీరినట్టుంది. సీడీ పాడైందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పాడవలేదు. ఆ కాలపు సీడీలు కొన్నింటిలో ప్రీ-ఎంఫసిస్ ఉండేది. హిస్ (బుస్సుమనే రొద) తగ్గించడానికి రికార్డు చేసేటప్పుడు ట్రెబుల్ పెంచేవారు, పై అంచున దాదాపు 10 డెసిబెల్స్ దాకా. సీడీ మీదున్న గుర్తు చూసి ప్లేయర్ దాన్ని తిరిగి తగ్గిస్తుంది. ఫైలుగా తీసినప్పుడు ఆ గుర్తు రాలిపోయి, పెంచిన ట్రెబుల్ అలాగే ఉండిపోయింది. సాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డీఎంఫ్ (deemph) అన్న ఆదేశం ఇస్తే సరిపోతుంది. ఈక్వలైజర్‌తో అందాజాగా తగ్గించొద్దు, ఆ వంపు కుదరదు. తొలి సీడీ పేలవంగా ఉందని తీర్పు చెప్పేవారిలో కొందరు విన్నది ఇలాంటి ఫైలునే.

ప్రశ్న: శబ్దపు ఎత్తుపల్లాలు కొలిచే డీఆర్ మీటర్‌లో సీడీకి 9, అదే ఆల్బమ్ ఎల్పీ రికార్డింగ్‌కి 12 వచ్చింది. ఎల్పీకి వేరే మాస్టర్ వాడారనేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఈ అంకెలతో అలా అనలేం. అదే మాస్టర్‌తో కోసిన ఎల్పీకి కూడా మీటర్ రెండు మూడు ఎక్కువే చూపుతుంది. గాడి కోతలో, సూది ఉండే కార్ట్రిడ్జ్‌లో ఫేజ్ (తరంగాల కాల వరుస) మారి చదును మొనలు మళ్లీ ఎగుడుదిగుడు అవుతాయి. మీటర్ లెక్కంతా మొనకీ సగటుకీ మధ్య దూరమే. పోయిన డ్రమ్ దెబ్బ తిరిగి రాదు. సీడీతో సీడీని పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది, ఎల్పీతో పోల్చడానికి పనికిరాదు.

ప్రశ్న: రీమాస్టర్ కొంటే వాయిద్యాలే వేరుగా వినిపించాయి. అలా ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రీమాస్టర్ అంటే పూర్తయిన స్టీరియో టేపు మీద పని. వాయిద్యాల పాళ్లు మారితే అది రీమిక్స్, బహుళ ట్రాకుల నుంచి మళ్లీ కలిపింది. బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' 2009ది రీమాస్టర్, 2017ది రీమిక్స్. ఇంకో రకమూ ఉంది: ఆజీ ఆస్బోర్న్ తొలి రెండు ఆల్బమ్‌లకు 2002లో బేస్, డ్రమ్స్ కొత్తవాళ్లతో వాయించి పెట్టారు. 2011 ముద్రణలో పాతవి తిరిగొచ్చాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏ సంవత్సరపు ముద్రణో చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ పంపాడు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. అయినా ఎల్పీలో గొంతులు బొంగురుగా ఉన్నాయి, స్ట్రీమింగ్‌లో బాగున్నాయి.
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని కాదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మీది ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) అయితే నిమిషానికి 33⅓ తిరగాల్సింది 28 లోపే తిరుగుతుంది, శ్రుతి మూడు సెమీటోన్లకు పైగా దిగుతుంది. ఒక గుర్తు పెట్టి నిమిషంలో చుట్లు లెక్కబెట్టండి. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) దొరికితే మార్చించండి, చిన్న పని. డీసీ మోటారుదైతే ఈ తేడా రాదు. అప్పుడు బెల్టు సాగిందేమో చూడాలి.