ఎన్జీవో నడపడం చదువుకోవాలనుకుంటున్న అమ్మలుకి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. బీటెక్ అయ్యాక స్వచ్ఛంద సంస్థల నిర్వహణలో పీజీ చేస్తానంటే ఇంట్లో ఎవరికీ మింగుడు పడటం లేదని రాశావు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ టెన్షన్ నీకొద్దు. నన్నడిగితే చదవమనే అంటాను. కానీ వెంటనే చేరకు. అనంతపురం పల్లెల్లో ఈ పని చేస్తూనే తల నెరిసినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను, విను.

ముందు ఒక ఏడాదైనా ఏదో ఒక చిన్న సంస్థలో పని చెయ్యి. ఇంగ్లిష్ బాగా వచ్చని నిన్ను రిపోర్టులు రాయడానికి కూర్చోబెడతారు, ఒప్పుకోకు. ఫీల్డుకి పంపమను, లేదంటే అకౌంటెంట్ పక్కన కూర్చుంటానని అడుగు. మహిళా సంఘాలకు ఒక రోజు శిక్షణ పెట్టామనుకో. సాయంత్రానికి భోజనాల బిల్లు, షామియానా రసీదు, ఆటో ఛార్జీలు ముట్టినట్టు సంతకాలూ వేలిముద్రలూ ఉన్న కాగితం, హాజరు పట్టీ, ఇవన్నీ కలిపి ఒక ఓచర్‌కి జతచేయాలి. హాజరులో నలభై మంది ఉండి భోజనాలు యాభై ఐదు ఉంటే ఆడిటర్ అడుగుతాడు. పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులున్నారు, వాళ్లకు తోడుగా అత్తలొచ్చారు, వచ్చినవాళ్లని తిననివ్వకుండా పంపుతామా? నిజమే. కానీ ఆ మాట అదే రోజు ఆ బిల్లు వెనక రాసి, సంఘం లీడర్ చేత సంతకం పెట్టించాలి. మార్చి నెలాఖర్న గుర్తు చేసుకుని రాస్తే ఎవరూ నమ్మరు. ఇది తెలిసి క్లాసులో కూర్చున్నవాళ్లకి పాఠం వేరుగా వినిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఈ రంగంలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. మన దగ్గరికి వచ్చే డబ్బు చాలావరకు ఫలానా పనికి అని రాసే వస్తుంది. కుట్టు మిషన్లకిచ్చిన డబ్బులోంచి అకౌంటెంట్‌కి జీతం ఇవ్వలేం. అకౌంటెంట్ లేకపోతే ఆ మిషన్లకు లెక్క చెప్పలేం. ప్రపోజల్ రాసేటప్పుడే ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు, జీతాలు బడ్జెట్‌లో పెట్టి, ఇచ్చేవాళ్లతో గట్టిగా మాట్లాడి ఒప్పించుకోవాలి. అందుకు మొహమాటపడే మంచి మనుషుల సంస్థలే ముందు మూతపడతాయి, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

చట్టం కూడా అంతే ముఖ్యం. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక ఆ డబ్బంతా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్నది 20 శాతానికి దిగింది. ఒక సంస్థ తనకొచ్చిన ఆ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల ద్వారా సాయం అందుకునే పల్లె సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. ఇటు కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఆ సీఎస్ఆర్ డబ్బు కోసం ఇప్పుడు అందరూ ఆ తలుపులే తడుతున్నారు. నువ్వు చేరే కోర్సులో ఈ చట్టాలు, సంస్థల లెక్కలు ఒక్క పేపరైనా లేకపోతే దాన్ని పక్కన పెట్టు.

కాలేజీల విషయానికొస్తే, గుజరాత్ ఆనంద్‌లో అమూల్ కురియన్ గారు 1979లో పెట్టిన గ్రామీణ నిర్వహణ కాలేజీ ఇర్మా నాకు ఇష్టం. అక్కడ పిల్లల్ని పల్లెల్లో ఉంచి నేర్పుతారు. ముంబై టిస్‌లో, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో, సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎంఏ ఉంది. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ ఎంఏ చేయొచ్చు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, ఆ ఫారం తప్పకుండా నింపు. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ, ఎన్ఐఆర్‌డీపీఆర్ ఉండనే ఉంది.

అమెరికా సంగతి కూడా అడిగావు. అక్కడ ఈ చదువుకు మంచి కాలేజీలున్నాయి, ఇండియానా యూనివర్సిటీలో దాతృత్వం మీదే ఒక స్కూలు నడుస్తోంది. కానీ వాళ్లు నేర్పేది వాళ్ల పన్ను చట్టం, సేవా సంస్థలకు పన్ను మినహాయింపునిచ్చే వాళ్ల 501(సి)(3) సెక్షన్, ఆ సంస్థలు ఏటా లెక్క చెప్పే వాళ్ల ఫారం 990. అక్కడే ఉండి పని చేస్తానంటే వెళ్లు. తిరిగొచ్చి ఇక్కడ చేస్తానంటే మాత్రం అప్పు చేసి వెళ్లొద్దు. ఇక్కడి ఎన్జీవో జీతంతో ఆ లోన్ కిస్తీలు కట్టడం నీ వల్ల కాదు. కిస్తీల కోసం నచ్చని ఉద్యోగంలో ఇరుక్కుంటావేమోనని నా భయం.

ఎక్కడ చేరినా బోర్డు గురించి, అంటే సంస్థ పాలకవర్గం గురించి, శ్రద్ధగా చదువు. మన దగ్గర చాలా సంస్థలు పెట్టినాయన ఉన్నంతకాలమే నడుస్తాయి. బోర్డులో భార్య, బావమరిది ఉంటారు, సమావేశాల్లో ఏం తీర్మానించారో రాసే మినిట్స్ పుస్తకం ఏడాదికోసారి ఒక్క కూర్చోడంలో రాసేస్తారు. మా అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీని, అదే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌ని చూడు. ఆయన 2009లో పోయారు, సంస్థ ఆగలేదు. పెద్దాయన తర్వాత కూడా పని సాగేలా ఎలా కట్టారో వెళ్లి అడిగి తెలుసుకో. పుస్తకాల్లో ఇంత బాగా దొరకదు.

సంక్రాంతికి వస్తావు కదా. నువ్వు అనుకుంటున్న కోర్సుల సిలబస్, ఫీజుల వివరాలు ప్రింటు తీయించి తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈలోగా పని చేయడానికి ఒకటి రెండు సంస్థల్లో నేను అడిగి ఉంచుతాను.

నీ పెద్దత్త